జెట్టీపేటలో అరుగున్న ఇల్లు

దయావతికి ఎవరిమీదా అసూయ లేదు. ఆ మాట ఆవిడే చెప్పేది, ఎవరూ అడక్కపోయినా చెప్పేది. ఎదుటివాళ్ళకి మంచి జరిగితే ఆవిడకి ఒంట్లో బాగుండదు, అంతే. సుజిత ఫ్లాటు కొన్నదని తెలిసిన రోజు తలనొప్పి వచ్చింది. ఆ ఫ్లాటు ఫోటోలు కాకినాడ నుంచి వచ్చిన రోజు కడుపులో మంట మొదలైంది. ఎంతోమందికి మందులిచ్చిన చేతికి ఆ మంటకి ఏ మందు వాడాలో తెలియలేదు.

ఇద్దరూ సౌదీలోని హుఫూఫ్‌లో ఒకే ఆసుపత్రిలో నర్సులు. ఉండేది కూడా ఒకే హాస్టల్లో. ఆ హాస్టల్ని మలయాళీలూ తెలుగువాళ్ళూ ఫిలిప్పీన్స్ వాళ్ళూ అందరూ అరబ్బీ మాటతో సకన్ అనే పిలిచేవారు. దయావతి వచ్చి తొమ్మిదేళ్ళయింది, సుజిత వచ్చి నాలుగేళ్ళు. వచ్చిన కొత్తలో ఆ పిల్లకి "నొప్పి ఎక్కడ" అని అరబ్బీలో అడగడం నేర్పింది దయావతి. నల్లటి అబాయా గౌను కాళ్ళకి అడ్డం పడకుండా బస్సెక్కడం నేర్పింది దయావతి. గురువారం సాయంత్రం సూక్‌లో ఏ కొట్లో బేరం ఆడొచ్చో, ఏ కొట్లో ఆడితే తిడతారో చెప్పింది కూడా దయావతే. అలాంటి పిల్ల తనకంటే ముందు ఇల్లు కొనుక్కుంది. అదీ ఎక్కడ? లెక్చరర్స్ కాలనీలో. కాకినాడలో ఆ పేరు చెబితే ఆటోవాడు బేరం మానేసి ఎక్కండి మేడమ్ అంటాడు.

సుజిత భర్త క్రిస్ దమ్మాంలో ఏసీ మెకానిక్కు. వాళ్ళవి రెండు జీతాలు. దయావతి భర్త సత్యవేదం కాకినాడలో ఓ చిన్న నర్సింగ్ హోములో కాంపౌండరు, ఆయన జీతం ఇంటద్దెకీ అబ్బాయి కాలేజీకీ సరిపోయేది. ఈ లెక్క దయావతికి తెలుసు. తెలిసినంత మాత్రాన మంట తగ్గుతుందా.

ఫోటోల ఆల్బం సకన్ అంతా తిరిగింది. వంటగదిలో గోడ నిండా తెల్ల టైల్సు, వాటి మధ్య అక్కడక్కడా ద్రాక్షగుత్తుల బొమ్మలు. దయావతి ఆల్బం తిరగేసి, "బాగుందే. తెల్ల టైల్సు కదా, పసుపు మరకలు పడితే పోవు" అంది. ఆ రాత్రంతా ద్రాక్షగుత్తులే కళ్ళ ముందు ఊగాయి.

శుక్రవారం మధ్యాహ్నం జెస్సీ ఆంటీ గదిలో ప్రార్థన ఉండేది. జెస్సీ ఆంటీది భీమవరం, ఆపరేషన్ థియేటర్లో పెద్ద నర్సు, తెలుగువాళ్ళందరికీ పెద్దదిక్కు. ఆ దేశంలో క్రైస్తవ ప్రార్థన పైకి తెలియకూడదు కాబట్టి కర్టెన్లు వేసేవారు, చెప్పులు లోపలికి తెచ్చి మంచం కింద పెట్టేవారు, పాటలు సగం గొంతుతో పాడుకునేవారు. బల్ల మీద తప్పకుండా ఓ కేకు ఉండేది. ఎవరైనా తలుపు కొడితే ఇది పుట్టినరోజు పండగ. ఎవరింట్లో శుభం జరిగితే ఆ వారం కేకు వాళ్ళది. ఈ తెలుగు పిల్లలకి ఏడాది పొడుగునా పుట్టినరోజులేనని సకన్ కాపలాదారుకి ఎప్పటినుంచో ఆశ్చర్యం.

ఆ వారం కేకు సుజితది. అందరికంటే పెద్దది, పైన పైనాపిల్ ముక్కలు. జెస్సీ ఆంటీ దయావతి వైపు తిరిగి, "దయా, నీ చెల్లెలి ఇంటి కోసం కృతజ్ఞత ప్రార్థన నువ్వే చెయ్యాలమ్మా" అంది. తప్పించుకునే దారి లేదు. దయావతి కళ్ళు మూసుకుని మొదలుపెట్టింది. "ప్రభువా, మా చెల్లికి నువ్విచ్చిన ఇంటిని బట్టి మాకెంతో..." అని ఆగిపోయింది. సంతోషం అన్న మాట పైకి రాలేదు. దగ్గింది, నీళ్ళు తాగింది, చివరికి "ఆమెన్" అని ఒడ్డెక్కింది. కన్నీళ్ళతో గొంతు పూడుకుపోయిందని అందరూ మెచ్చుకున్నారు.

సత్యవేదం ఫోను చేసింది ఆ మర్నాడే.

"దయా, ఇల్లు దొరికిందే. మూడు గదులు, వెనకాల నుయ్యి, ముందు అరుగు. రోషన్ బీ గారని, ముసలావిడ. కూతురి దగ్గరకి కర్నూలు వెళ్ళిపోతందంట. మన దగ్గరున్నదాంతో సరిపోద్ది, అప్పన్నదే అక్కర్లేదు. ఈ కాంట్రాక్టు అయిపోగానే నువ్వు ఎగ్జిట్ కొట్టించుకుని వచ్చేయొచ్చు."

దయావతి గుండె ఒక్కసారి తేలికైంది. "ఎక్కడండి?"

ఆయన కాసేపు దగ్గాడు. "జెట్టీపేట."

జెట్టీపేట అంటే చేపల రేవు వెనకపేట. సందు మొదట్లో సారాకొట్టు, పక్కనే కాలువ, వానొస్తే ఆ కాలువ ఇళ్ళలోకి వస్తుంది. నెలకోసారైనా ఎవడో ఒకడు కత్తి తీస్తాడు. దయావతి చిన్నప్పుడు అన్నం తినకపోతే వాళ్ళమ్మ జెట్టీపేటలో వదిలేసి వస్తానని బెదిరించేది.

"ఆ పేటలోనా. చీకటి పడితే ఆటోవాడు కూడా సందులోకి రాడండి."

"నేను రోజూ ఎళ్తన్నాను కదే. ఆళ్ళ తలకాయలు పగిలితే కుట్లేసేది నేనే. నన్ను చూస్తే దారిస్తారు."

"మీకిస్తారు. నాకిస్తారా?"

"నువ్వు నా పెళ్ళానివని తెలిసాక ఎందుకియ్యరు? సీడీ తీయించి పంపుతన్నాను. ఒకసారి చూసి చెప్పు."

సౌదీలో ఉన్నవాళ్ళు ఇల్లు కొనాలంటే అదే పద్ధతి. పెళ్ళిళ్ళ వీడియోలు తీసేవాణ్ణి పిలిచి ఇల్లంతా తీయించి, ఎవరో వస్తుంటే వాళ్ళ చేత పంపేవారు. సెలవులో వెళ్ళినవాళ్ళు చూసి రావడం కుదరాలంటే ఏళ్ళు పట్టేది, అమ్మేవాళ్ళు అంతదాకా ఆగరు.

దయావతికి ఆగే వ్యవధి కూడా లేదు. రంజాన్ నెల మొదలయ్యేలోపు కాంట్రాక్టు పొడిగించుకుంటుందో, ఖురూజ్ తీసుకుంటుందో చెప్పమని ఆఫీసు నుంచి కబురొచ్చింది. ఖురూజ్ అంటే ఎగ్జిట్, ఇక మళ్ళీ రాకుండా పెట్టె సర్దుకుని వెళ్ళిపోవడం. తొమ్మిదేళ్ళుగా దయావతి ఆ మాటని నోట్లో చప్పరిస్తూనే ఉంది. జెట్టీపేట ఇల్లయితే ఈ ఏడే వెళ్ళిపోవచ్చు. లెక్చరర్స్ కాలనీ లాంటి చోటయితే బ్యాంకు అప్పు తీర్చుకుంటూ మళ్ళీ అన్నేళ్ళు ఇక్కడే.

సీడీ వచ్చింది. అందరూ డ్యూటీలో ఉన్న వేళ చూసి హాల్లో ఒక్కతే కూర్చుని టీవీలో పెట్టుకుంది. పెళ్ళి వీడియోలవాడు తన బుద్ధి పోనిచ్చుకోలేదు. ఇల్లు కనపడే ముందు రెండు గులాబీలు ఎగిరొచ్చి కలుసుకున్నాయి. వెనకాల స్తుతిగీతం. పాత ఇల్లే గానీ గోడలు గట్టివి. వెనక నూతి పక్కన జామచెట్టు. ముందు ఎర్ర గచ్చు చేసిన వెడల్పాటి అరుగు, అరుగు మీద చల్లటి నీడ. ఆఖర్న సత్యవేదం అరుగు మీద కూర్చుని, ఏం చెయ్యాలో తెలియక, కెమెరాకి నమస్కారం పెట్టాడు. దయావతికి నవ్వొచ్చింది. ఆయన పక్కన ఇంకొకరికి చోటుంది.

అంతలో కెమెరా సందు వైపు తిరిగింది. పేకాడుతున్న మనుషులు చేతులూపారు. ఓ తాగుబోతు లుంగీ సర్దుకుంటూ కెమెరా ముందుకొచ్చి డాన్సు చేశాడు. వాడి వెనక పందులు. దయావతి టక్కున ఆపేసింది. ఇది సుజిత చూస్తే? తెల్ల టైల్సు, ద్రాక్షగుత్తులు ఉన్న ఇంటి యజమానురాలు ఈ పందులని చూస్తే? నవ్వదు, జాలిపడుతుంది. నవ్వినా భరించవచ్చు గానీ ఆ పిల్ల జాలిని భరించడం తన వల్ల కాదు.

ఆ శుక్రవారం జెస్సీ ఆంటీ ప్రార్థన మనవులు అడిగింది. ఎవరి కష్టం వాళ్ళు చెప్పుకుంటే అందరూ కలిసి దేవుణ్ణి అడగడం అలవాటు. వంతు దయావతి దాకా వచ్చింది.

"మేమూ ఇల్లు చూస్తున్నాం" అంది. అక్కడితో ఆగినా సరిపోయేది. ఎదురుగా సుజిత కొత్త చెవిపోగులతో తలాడిస్తోంది. "లెక్చరర్స్ కాలనీలో" అనేసింది దయావతి.

మనుషులతో అబద్ధం ఆడితే మాట మార్చుకోవచ్చు. ప్రార్థన మనవిలో ఆడితే ఎవరితో చెప్పి మార్చుకోవాలి? ఆ అబద్ధాన్ని గదిలో ఉన్న ఆడవాళ్ళంతా మోకాళ్ళ మీద కూర్చుని దేవుడి దాకా మోసుకెళ్ళారు. తండ్రీ, మా అక్కకి లెక్చరర్స్ కాలనీలోనే ఇల్లియ్యి అని బతిమాలారు. పై వారం జెస్సీ ఆంటీ ఉపవాసం పెట్టింది. రాత్రి డ్యూటీ చేసొచ్చిన పిల్లలు కూడా పచ్చి మంచినీళ్ళు ముట్టకుండా దయావతి ఇంటి కోసం కూర్చున్నారు. వాళ్ళ ఎండిన పెదాలు చూసి దయావతి తల తిప్పుకుంది. దేవుడికి జెట్టీపేట సంగతి తెలుసు, సీడీ ఎక్కడ దాచిందో కూడా తెలుసు. అయినా ఆయన నోరు మూసుకునే ఉన్నాడు, అదే ఆవిడకి భయం.

ఉపవాసం చేసిన నాలుగో రోజో ఐదో రోజో సుజిత వార్డులోకి పరుగెత్తుకుంటూ వచ్చింది. "అక్కా, దేవుడు వినేశాడు. మా ఫ్లాటు ఎదురు ఫ్లాటు అమ్మేస్తన్నారంట. మా మావయ్యగారు ఇప్పుడే చెప్పారు. మీకైతే ముందిస్తారంట."

దయావతి సెలైన్ సీసా పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఎదురు ఫ్లాటంటే రోజూ తలుపు తీస్తే సుజిత తలుపు. తన టైల్సు కూడా తెల్లగానే ఉంటాయి. ఎంత ఖర్చయితేనేం, ఎన్నేళ్ళు పడితేనేం, ఈ పిల్లకంటే తక్కువని మాత్రం ఎవరూ అనలేరు. ఆ రోజంతా ఆవిడ మనసు ఆ మెట్ల మీదే ఎక్కుతూ దిగుతూ గడిపింది. సాయంత్రం సత్యవేదానికి ఫోను చేసింది.

"జెట్టీపేట వద్దండి. రోషన్ బీ గారికి చెప్పేయండి. ఇంకో కాంట్రాక్టు చేస్తాను. కాలనీలో ఫ్లాటు ఉంది."

"ఇంకో కాంట్రాక్టంటే ఒకటితో అవుద్దా దయా?" అన్నాడు సత్యవేదం.

"అవ్వదు. అయితే ఏం? పరువు అక్కర్లేదా?"

"సరేలే, చెప్తాను" అన్నాడాయన. కోప్పడితే బాగుండేది. ఆయన గొంతులో కోపం లేకపోవడం దయావతిని రెండు వారాలు తిన్నగా నిద్రపోనివ్వలేదు.

రంజాన్ దగ్గరపడింది. మర్నాడు ఆఫీసులో చెప్పాలనగా, మనసాగక దయావతి సీడీ మళ్ళీ తీసింది. చివరిసారి చూసి విరగ్గొట్టేద్దామనుకుంది. అరుగు దగ్గరకి వచ్చేసరికి వార్డు నుంచి పిలుపొచ్చింది. ఎవరికో రక్తం ఎక్కించాలి, నరం దొరకడం లేదు, దయావతి చెయ్యి పడితే గానీ దొరకదు. టీవీ ఆపి పరుగెత్తింది, సీడీ అందులోనే ఉండిపోయింది. తిరిగొచ్చేసరికి హాల్లో సుజిత తివాచీ మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని ఉంది. తెర మీద సత్యవేదం నమస్కారం పెడుతున్నాడు.

సుజిత వెనక్కి తిరక్కుండానే, "బావగారు కదూ" అంది. తర్వాత కెమెరా సందు వైపు తిరిగింది. తాగుబోతు డాన్సు చేశాడు, పందులు వచ్చాయి. సుజిత వాటిని చూడలేదు. రిమోటుతో వెనక్కి తిప్పి మళ్ళీ అరుగు దగ్గర ఆపింది.

"ఇది అరుగే కదక్కా? మనిషి పడుకునేంత అరుగు."

"ఊఁ. జెట్టీపేటలో." ఇక దాచి లాభం లేదు. "పేరు విన్నావుగా. నవ్వు, పరవాలేదు."

సుజిత నవ్వలేదు. లెక్చరర్స్ కాలనీ అన్నారు కదక్కా అని కూడా అడగలేదు. "కొనేశారా?" అంది.

"వద్దనేశాం."

"అయితే నేనడగనా?" ఆ మాట ఎంత తొందరగా వచ్చిందంటే సుజితే సిగ్గుపడింది. కానీ ఆగలేకపోయింది. "ఫ్లాటు అమ్మేసైనా సరే. ఆ ఫ్లాట్లో నేను ఒక్క రాత్రి పడుకోలేదక్కా. ఎవరో బ్యాంకు మేనేజరు అద్దెకుంటున్నాడు, ఆ ద్రాక్షపళ్ళ టైల్సు ముందు ఆళ్ళావిడ వండుకుంటంది. మూడో అంతస్తని మా అత్తగారు ఎక్కలేనంది. అప్పు తీరేదాకా నేనూ క్రిసూ ఇక్కడే. మీరు ఎగ్జిట్ మాట ఎత్తినప్పుడల్లా నాకు అన్నం సయించదు. ఆ ఎదురు ఫ్లాటు కూడా ఎందుకు చెప్పానంటారు? మీరు అది కొంటే మీకూ అప్పుంటది, మీరూ ఇక్కడే ఉంటారని."

చెప్పేసి తల దించుకుంది. మళ్ళీ ఎత్తి తెర వైపే చూసింది. దయావతి ఆ చూపుని గుర్తుపట్టింది. ఆల్బం తిరగేసిన నాడు బాత్రూం అద్దంలో తన మొహాన ఉన్నది అదే చూపు. ఈ పిల్ల తన ఇంటిని చూసి కళ్ళల్లో నిప్పులు పోసుకుంటోంది. తన ఇంటిని. పందులున్న ఇంటిని.

పెద్దమనిషి తరహాగా చెప్పాలంటే దయావతికి ఆ క్షణాన జాలి కలగాలి. కలగలేదు. ఒళ్ళంతా చల్లటి నీళ్ళు పోసినట్టు హాయిగా ఉంది. రెండు నెలల కడుపు మంట ఒక్కసారిగా చల్లారింది. ఉపవాసాలు చెయ్యలేని పని ఆ ఒక్క చూపు చేసింది.

"వద్దనేశాం అంటే, ఇంకా ఆలోచిస్తున్నాంలే" అని టీవీలోంచి సీడీ లాక్కుని, జేబులో వేసుకుని బయటికి నడిచింది.

ఖర్జూరపు చెట్ల కింద సిమెంటు బల్ల మీద కూర్చుని ఫోను కార్డు గీకింది. రెండు వారాలు. ముసలావిడ ఈపాటికి ఎవరికైనా ఇచ్చేసి ఉంటుంది. అరుగు మీద ఇంకెవరో కూర్చుని ఉంటారు. అలా అనుకునేసరికి ఆ ఎవరో మీద కూడా మంట మొదలైంది.

"ఏమండి, రోషన్ బీ గారికి చెప్పేశారా?"

సత్యవేదం నీళ్ళు నమిలాడు. "లేదే."

"లేదా?"

"చెప్దామనే ఎళ్తన్నాను రోజూ. పేటలో డ్రెస్సింగులు అయ్యాక ఆవిడింటికి ఎళ్ళి అరుగు మీద కూర్చుంటన్నాను. ఆవిడ టీ ఇస్తది. తాగేసి వచ్చేస్తన్నాను. రేపు చెప్పేస్తాను, నువ్వు కోప్పడకు."

పక్కన మరొకరికి చోటున్న ఆ అరుగు దయావతి కళ్ళ ముందు నిలిచింది. తొమ్మిదేళ్ళు ఆ మనిషి ఒక్కడే టీ తాగాడు. ఈ మాట తనకి సుజిత మొహం చూడకముందు తట్టలేదు, ఆ సంగతికి మాత్రం కొంచెం సిగ్గేసింది.

"చెప్పకండి" అంది. "రేపే బయానా ఇచ్చేయండి. నేను ఖురూజ్ పెట్టేస్తున్నాను."

ఆయన "ఆయ్" అన్నాడు, డాక్టరుతో అన్నట్టు. ఆ వెనకే ముక్కు చీదిన చప్పుడు వినపడింది.

ఆ శుక్రవారం కేకు దయావతిది. సూక్‌లో దొరికిన వాటిలోకెల్లా పెద్దది కొంది, సుజిత కేకు కంటే జానెడు పెద్దది. ఆ మాత్రం సరదా తీర్చుకోకపోతే ఎలా. బల్ల మీద పెట్టి, నేల చూపులు చూస్తూ, "ఇల్లు కుదిరింది. కాలనీలో కాదు, జెట్టీపేటలో" అంది. ఎవరైనా ప్రశ్నలడుగుతారని భయపడింది.

జెస్సీ ఆంటీ చేతులు జోడించింది. "మనం అడిగింది ఒకటి, ఆయన ఇచ్చింది ఇంకొకటి. మనకేది మంచిదో ఆయనకి తెలుసమ్మా." అందరూ "స్తోత్రం" అన్నారు. ఉపవాసం ఉన్న పిల్లలు ఒక్కరైనా నొచ్చుకోలేదు. దయావతి అబద్ధాన్ని దేవుడు తన ఖాతాలో వేసుకున్నట్టయింది. గదిలో నిజం తెలిసినది సుజిత ఒక్కతే. ఆ పిల్ల గోడకి ఆనుకుని కేకు వంక చూస్తోంది.

"సుజితా, అక్క ఇంటి కోసం కృతజ్ఞత ప్రార్థన నువ్వు చెయ్యమ్మా" అంది జెస్సీ ఆంటీ.

అందరూ తలలు వంచారు. సుజిత మొదలుపెట్టింది. "ప్రభువా, మా అక్కకి నువ్విచ్చిన ఇంటిని బట్టి, ఆ అరుగుని బట్టి, మాకెంతో..."

ఆగిపోయింది. ఆ ఆగిన చోటు దయావతికి బాగా తెలుసు, తాను కూడా సరిగ్గా అక్కడే ఇరుక్కుంది. ఆ మాట ఎప్పుడొస్తుందా అని ఎదురుచూసింది. రాలేదు. చివరికి ఉండబట్టలేక ఒక కన్ను తెరిచింది.

ఎదురుగా సుజిత కూడా ఒక కన్ను తెరిచి ఉంది. ఆ కన్ను తడిగా ఉంది, అందులో నిప్పూ ఉంది. ఇద్దరూ అలాగే చూసుకున్నారు. దయావతి మోకాళ్ళ మీదే ముందుకు జరిగి ఆ పిల్ల చెయ్యి పట్టుకుంది.

"సంతోషం అనవే" అంది మెల్లగా. "మొదట్లో రాదు."